గెజి పార్కు 2013: నాలుగైదు చెట్ల గొడవ దేశమంతా ఎలా పాకింది?

#1 కొండవాగు

అందరికీ నమస్కారం. టర్కీలో 2013లో జరిగిన గెజి ఉద్యమం గురించి ఈమధ్య మళ్ళీ చదువుతున్నాను. ఒక చిక్కుముడి ఎంతకీ విడిపోవడం లేదు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఉంటారని అడుగుతున్నాను.

ఇస్తాంబుల్ నడిబొడ్డున తక్సీమ్ కూడలి, దాన్ని ఆనుకుని గెజి పార్కు. అక్కడ ఒకప్పుడు ఒట్టోమన్ కాలపు ఫిరంగిదళం బారకాసులు (సైనికుల నివాసాలు) ఉండేవి. 1940లో వాటిని కూల్చి పార్కు వేశారు. ఆ బారకాసుల్ని అదే చోట మళ్ళీ కట్టి, లోపల షాపింగ్ మాల్ పెట్టాలన్నది ప్రభుత్వం ప్లాను. మే 27 రాత్రి బుల్‌డోజర్లు వచ్చి పార్కు గోడ కొంత కూల్చి, నాలుగైదు చెట్లు పెకలించాయి. అడ్డంపడింది ఒక యాభై మంది.

నెల తిరిగేసరికి దేశంలోని 81 ప్రావిన్సుల్లో 79 చోట్ల జనం రోడ్డెక్కారు. టర్కీ హోంశాఖ చెప్పిన లెక్కే 25 లక్షల మంది. చిలికి చిలికి గాలివాన అవడం అంటే తెలుసు గానీ, ఇంత వేగంగానా? చెట్ల మీద ప్రేమతోనే ఇంతమంది వచ్చారంటే నాకు నమ్మకం కుదరడం లేదు. మలుపు ఎక్కడ తిరిగింది?

#2 లెక్కలమాస్టారు

కొండవాగు గారూ, మీ అనుమానానికి అంకెల్లోనే జవాబు ఉంది. జూన్ 6, 7 తేదీల్లో కోండా అనే సర్వే సంస్థ పార్కులోకే వెళ్ళి 4,411 మందిని అడిగింది. సగటు వయసు 28. ఏ పార్టీలోనూ, సంఘంలోనూ సభ్యత్వం లేనివాళ్ళు 79 శాతం. "మీరు ఎప్పుడు రావాలనుకున్నారు?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులు చూడండి. చెట్లు కొట్టడం మొదలయ్యాక అన్నవాళ్ళు 19 శాతం. పోలీసుల దౌర్జన్యం చూశాక అన్నవాళ్ళు 49 శాతం.

అది పార్కులో కూర్చున్నవాళ్ళను అడిగిన సర్వే అని గుర్తుపెట్టుకోండి. పార్కు కోసం మిగతా అందరికంటే ఎక్కువ తపించే జనంలోనే లెక్క ఇలా ఉంటే, వందల కిలోమీటర్ల దూరంలో, ఆ పార్కును కంటితో చూడని ఊళ్ళలో రోడ్డెక్కినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

#3 ఎర్రమట్టి

మాస్టారి అంకెలతో పేచీ లేదు. కానీ దెబ్బ తగిలిన చోట అంత మంట ఎందుకు పుట్టిందో తెలియాలంటే అంతకుముందు రెండు నెలలు చూడాలి.

ఏప్రిల్‌లో ఇస్తాంబుల్ బెయోలు ప్రాంతంలోని పాత ఎమెక్ సినిమా హాలు కూల్చొద్దని నిలబడ్డ కళాకారుల మీద నీటి ఫిరంగులు ప్రయోగించారు. మే డేకి తక్సీమ్‌లోకి ఎవర్నీ రానివ్వలేదు. మే 24న రాత్రి పది దాటాక మద్యం అమ్మకూడదంటూ చట్టం తెచ్చారు. మే 29న, అంటే పార్కులో గుడారాలు వేసుకుని జనం కూర్చున్న రోజునే, బాస్ఫరస్ జలసంధి మీద మూడో వంతెనకు శంకుస్థాపన చేసి దానికి సుల్తాన్ యావుజ్ సెలీం పేరు పెట్టారు. టర్కీలో మతపరమైన మైనారిటీ అయిన అలేవీలు తమ పూర్వీకుల ఊచకోతకు కారకుడని తలిచే సుల్తాను ఆయన. కోటికి పైగా జనం ఉన్నారని అంచనా వేసే ఒక సమాజాన్ని అడగకుండానే, వాళ్ళు దాటాల్సిన వంతెనకు ఆ పేరు తగిలించారు.

అదే సభలో ప్రధాని ఎర్దొవాన్ గెజి గురించి "మీరేం చేసినా సరే, మేం నిర్ణయం తీసేసుకున్నాం" అన్న అర్థంలో మాట్లాడాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

సినిమావాళ్ళది ఒక బాధ, కార్మికులది ఒక బాధ, అలేవీలది ఇంకో బాధ. ఎవరి గొడవ వాళ్ళది. పార్కు వీటన్నిటికీ ఒకే చోటు చూపించింది. ఏ జెండా కిందికీ రానివాడు కూడా చెట్టు కిందికి రాగలడు.

#4 రాత్రిబండి

ఎర్రమట్టి గారు చెప్పిన కోపాలన్నీ నిజమే. కానీ అవి మే 29 సాయంత్రానికి కూడా ఉన్నాయి, అయినా దేశం రోడ్డెక్కలేదు. అప్పటికి పార్కులో కొన్ని వేల మంది పాటలు పాడుకుంటూ, మొక్కలు నాటుకుంటూ ఉన్నారు, అంతే. కారణాలు పేర్చుకుంటూ పోతే ఏ ఉద్యమాన్నైనా తర్వాత తీరిగ్గా వివరించెయ్యొచ్చు. ఆ రెండు పొద్దుల్లో ఏం జరిగిందో గంటగంటా చూడాలి.

మే 30 తెల్లవారుజామున, ఐదు గంటల ప్రాంతంలో, అందరూ నిద్రలో ఉండగా పోలీసులు పార్కులోకి దిగారు. బాష్పవాయువు కొట్టారు, గుడారాలు తగలబెట్టారు. కాలుతున్న గుడారాల ఫొటోలు జనం ఆఫీసులకు బయల్దేరేలోపే ఫోన్లలోకి వచ్చాయి. ఆ సాయంత్రం ముందురోజు కంటే ఎన్నో రెట్లు జనం వచ్చారు. మే 31 తెల్లవారుజామున మళ్ళీ అదే పని, ఇంకా గట్టిగా. ఈసారి పార్కు చుట్టూ కంచె కట్టేశారు.

ఆ శుక్రవారమే ఇస్తాంబుల్ పరిపాలనా న్యాయస్థానం బారకాసుల ప్రాజెక్టును తాత్కాలికంగా నిలిపేసింది. చెట్ల వరకే అయితే గొడవ అక్కడ ఆగిపోవాలి. ఆగకపోగా రాజధాని అంకారా, ఇజ్మీర్ నగరం ఆ రాత్రే కదిలాయి. జూన్ 1 పొద్దున్నే ఆసియా ఒడ్డు నుంచి వేలమంది బాస్ఫరస్ వంతెన మీద నడుచుకుంటూ అవతలి ఒడ్డుకు బయల్దేరారు. పాదచారులను రానివ్వని వంతెన అది. ఆ మధ్యాహ్నానికి పోలీసులు తక్సీమ్ ఖాళీచేసి వెనక్కి పోయారు.

కొండవాగు గారూ, మలుపు ఎక్కడ అని అడిగారు. నా జవాబు మే 30, తెల్లవారుజామున ఐదు గంటలు. నిద్రపోతున్నవాళ్ళ గుడారానికి నిప్పుపెట్టడాన్ని అర్థం చేసుకోవడానికి పర్యావరణం తెలియక్కర్లేదు, రాజకీయం అసలే తెలియక్కర్లేదు.

#5 పొద్దుతిరుగుడు

ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. మావారి ఉద్యోగం వల్ల ఆ ఏడాది మేం అంకారాలో ఉన్నాం, తునలీ వీధికి దగ్గర్లో మూడో అంతస్తు ఫ్లాట్. బయటివాళ్ళం కాబట్టి ఊరేగింపులకు వెళ్ళలేదు. కిటికీలోంచి చూసిందే చెబుతాను.

రాత్రి తొమ్మిది అవగానే చప్పుడు మొదలయ్యేది. ముందు ఎక్కడో ఒక మూల గిన్నె మీద గరిటెతో కొట్టిన శబ్దం, తర్వాత ఎదురు బిల్డింగు, ఆ తర్వాత వీధి మొత్తం. లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ ఉండేవాళ్ళు. మా పై అంతస్తులో ఒక రిటైర్డు టీచరమ్మ ఉండేది, మోకాళ్ళ నొప్పులతో మెట్లు కూడా దిగలేని మనిషి. ఆవిడ బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో పెద్ద మూకుడు పెట్టుకుని వాయించేది. ఇస్తాంబుల్ పార్కుకు ఇంత దూరంలో మీకెందుకండీ అని ఒకసారి అడిగాను. "పిల్లల్ని నిద్రలో కొట్టారమ్మా" అంది. పార్కు మాట ఎత్తలేదు.

కొన్ని రాత్రులు గ్యాసు మా అంతస్తు దాకా వచ్చేది. తలుపు కింద తడి తువ్వాళ్ళు కుక్కేవాళ్ళం. కింద మందులషాపు ముందు కుర్రాళ్ళు అసిడిటీ మందు నీళ్ళలో కలిపి స్ప్రే సీసాల్లో పోసుకుని, కళ్ళు మండుతూ పరిగెత్తుకొచ్చే ఎవరి మొహాన్నైనా కడిగేవాళ్ళు. వాళ్ళలో ఒకడు మెడలో ఫుట్‌బాల్ క్లబ్బు కండువా వేసుకుని ఉండేవాడు, పక్కవాడి మెడలో దాని ప్రత్యర్థి క్లబ్బు కండువా. ఆ దేశంలో కొన్నాళ్ళుంటే గానీ అదెంత వింతో తెలియదు.

మేమున్నచోటికి నడిచి వెళ్ళే దూరంలో, కిజిలాయ్ కూడలిలో జూన్ 1న ఎతెం సరిసులుక్ అనే కార్మికుడి తలలో పోలీసు తూటా దిగింది. జూన్ 14న చనిపోయాడు. ఆ తర్వాత అంకారాలో గొడవ ఇస్తాంబుల్ గురించి కాదు, అది మా ఊరి గొడవే.

#6 రాత్రిబండి

పొద్దుతిరుగుడు గారి చివరి మాట మీద ఆగండి. దేశమంతా ఎలా పాకింది అంటే ఇలాగే. ప్రతి ఊరికీ తనదైన చావు దక్కింది. హతాయ్‌లో అబ్దుల్లా జోమెర్ట్. ఎస్కిషెహిర్‌లో పందొమ్మిదేళ్ళ విద్యార్థి అలీ ఇస్మాయిల్ కోర్క్‌మాజ్, సందులో చుట్టుముట్టి కొడితే జూలై 10న చనిపోయాడు. అదనాలో నిరసనకారుల్ని తరుముతూ వంతెన మీంచి పడి ఒక పోలీసు అధికారి కూడా పోయాడు. అక్కడి నుంచి ఇస్తాంబుల్‌లో ఎవరు ఏం ఒప్పుకున్నా మిగతా ఊళ్ళ లెక్క తేలదు.

#7 నల్లరేగడి

ఇంతమంది ఇంత ఆవేదనతో రాస్తుంటే అడ్డుపడటం బాగోదు గానీ, ఒక ప్రశ్న అడక్కుండా ఉండలేను.

అదే టర్కీలో బెర్గామా అనే ఊరుంది. సయనైడుతో బంగారం తీసే గని వద్దని అక్కడి పల్లెల రైతులు 1990ల్లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పోరాడారు. 1997లో దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. అయినా 2001లో గని నడవడం మొదలైంది. 2004లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా రైతుల పక్షానే నిలిచింది. దేశం కదిలిందా?

గెజి తర్వాత ఏడాదికే, 2014 నవంబర్‌లో, సోమా దగ్గర యిర్జా పల్లెలో బొగ్గు విద్యుత్ కేంద్రం కోసం ఒక్క రాత్రిలో ఆరువేల ఆలివ్ చెట్లు నరికేశారు. అడ్డంపడ్డ పల్లెవాళ్ళను కాపలాదారులు చితకబాదారు. తక్సీమ్‌లో నాలుగైదు చెట్లు, యిర్జాలో ఆరువేలు. అక్కడ చెట్టంటే నీడ కాదు, ఏడాది తిండి. మరి దేశం ఎందుకు కదల్లేదు?

పోలీసు దౌర్జన్యమే కారణమని రాత్రిబండి గారు అంటున్నారు. దౌర్జన్యం పల్లెల్లో ఎప్పుడూ ఉంది. 2011లో నల్లసముద్రం ఒడ్డున హోపాలో, జలవిద్యుత్ ప్రాజెక్టులను వ్యతిరేకించిన రిటైర్డు టీచరు మెతిన్ లోకుమ్‌జు బాష్పవాయువు వల్ల ప్రాణం వదిలాడు. దెబ్బ ఎవరికి తగిలిందన్నదే తేడా. చదువుకున్న పట్నం పిల్లలకు, టూరిస్టు హోటళ్ళ మధ్య, ప్రపంచ మీడియా కెమెరాల ముందు తగిలింది కాబట్టి అది దేశం దెబ్బ అయింది. ఇది ఒప్పుకోకుండా గెజిని ఆకాశానికెత్తడం బెర్గామా రైతులకు అన్యాయం.

#8 కొండవాగు

నల్లరేగడి గారూ, మీ ప్రశ్న నన్ను రాత్రంతా పట్టి ఉంచింది. హోపా సంగతి నాకు తెలియదు, వెతికి చదివాను. ఆయన పోయింది 2011 మే 31న. గెజిలో రెండో దాడి సరిగ్గా రెండేళ్ళకు అదే తేదీన జరిగింది. ఇస్తాంబుల్‌లో ఉండే నల్లసముద్రం ప్రాంతం వాళ్ళు ఆ తేదీని మరిచిపోయి ఉంటారా?

#9 ఎర్రమట్టి

మరిచిపోరు. పల్లె పోరాటాలు ఓడిపోయి మాయమవుతాయని నేను అనుకోను. అక్కడ తర్ఫీదైన లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులే తర్వాత నగరంలో తేలారు. 2012లోనే ఏర్పడిన తక్సీమ్ సంఘీభావ వేదిక చూడండి. ఆర్కిటెక్టుల సంఘాలు, కార్మిక సంఘాలు, చుట్టుపక్కల కాలనీ సంఘాలు అందులో ఉన్నాయి. బుల్‌డోజర్ వచ్చిన రాత్రి ఆ యాభై మంది ఊరికే పుట్టుకురాలేదు, ఏడాదికి పైగా కాపలా కాస్తున్నారు.

ఇక పర్యావరణం నుంచి దేశం మొత్తానికి పాకడమనేది టర్కీకే పరిమితం కాదు. 1987లో, అప్పటికి సోవియట్ యూనియన్‌లో ఉన్న ఎస్తోనియాలో ఫాస్ఫరైట్ గనులు తవ్వుతామని మాస్కో ప్లాను వేస్తే, భూగర్భజలాలు పాడవుతాయనీ, బయటి నుంచి వేలమంది కార్మికులను దించుతారనీ జనం ఎదురుతిరిగారు. ఆ ఏడాదే ప్లాను ఆగింది. ఆ గెలుపు ఇచ్చిన ధైర్యమే 1988 నాటి పాటల విప్లవంలోకి (పాటలు పాడుతూ స్వాతంత్ర్యం కోరిన ఉద్యమం) ప్రవహించింది. 1991 ఆగస్టుకు దేశం స్వతంత్రం.

బల్గేరియా అయితే మరీ స్పష్టం. డాన్యూబ్ అవతల రుమేనియా ఫ్యాక్టరీ వదిలే క్లోరిన్‌తో రూసే నగరం ఊపిరాడక అల్లాడింది. 1987లో అక్కడ తల్లులు రోడ్డెక్కారు. 1989 అక్టోబర్‌లో సోఫియాలో అంతర్జాతీయ పర్యావరణ సమావేశం జరుగుతుండగా, క్రిస్టల్ తోటలో సంతకాలు సేకరిస్తున్న ఎకోగ్లాస్నోస్త్ అనే పర్యావరణ సంఘం కార్యకర్తలను అక్టోబర్ 26న పోలీసులు విదేశీ ప్రతినిధులు చూస్తుండగానే కొట్టారు. నవంబర్ 3న వేలమంది పార్లమెంటు దాకా నడిచారు. నవంబర్ 10న బల్గేరియా కమ్యూనిస్టు అధినేత జివ్‌కోవ్ గద్దె దిగాడు.

#10 రాత్రిబండి

ఎర్రమట్టి గారూ, ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. ఎస్తోనియాలో, బల్గేరియాలో నీళ్ళ గురించి, గాలి గురించి మాట్లాడటం ఒక్కటే అప్పట్లో కాస్త అనుమతి ఉన్న విషయం. మిగతావి మాట్లాడితే జైలు. అందుకే అన్ని మాటలూ ఆ సందులోంచే దూరాయి. జివ్‌కోవ్ పడిపోవడం వెనక సొంత పార్టీలోని కుట్ర కూడా ఉంది, మాస్కో గాలి మారడమూ ఉంది.

టర్కీలో ఎన్నికలున్నాయి, ప్రతిపక్షం ఉంది. ఎర్దొవాన్ పార్టీకి 2011లో దాదాపు 50 శాతం ఓట్లు వచ్చాయి. "ఆ యాభై శాతాన్ని ఇళ్ళలో కష్టం మీద ఆపుతున్నాం" అని ఆయన బెదిరించింది ఆ బలంతోనే. ఉద్యమం దేశమంతా పాకింది గానీ దేశమంతటినీ కలుపుకోలేదు. రెండూ వేరు. ఎస్తోనియాలో ప్రత్యర్థి బయటివాడు, ఇక్కడ పక్కింటివాడు.

#11 నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. గాయపడినవారి ఫొటోలు పెట్టిన రెండు జవాబులు తీసేశాం. దయచేసి అలాంటివి పెట్టొద్దు.

#12 లెక్కలమాస్టారు

టీవీ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. నల్లరేగడి గారి ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉందనుకుంటున్నాను.

తక్సీమ్ పొగలో మునిగిపోయిన రాత్రుల్లో సీఎన్‌ఎన్ అంతర్జాతీయ చానెల్ అక్కడి నుంచి లైవ్ ఇస్తుంటే, దాని టర్కీ చానెల్ సీఎన్‌ఎన్ తుర్క్‌లో పెంగ్విన్ల డాక్యుమెంటరీ నడిచింది. రెండు టీవీలు పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో దేశమంతా తిరిగింది. టర్కీలోని మరో వార్తా చానెల్ ఎన్‌టీవీ ఆఫీసు ముందు జనం గుమిగూడి అడిగితే, తర్వాత ఆ యాజమాన్యం సొంత సిబ్బంది ముందు తప్పు ఒప్పుకుంది.

బెర్గామా విషయంలో టీవీ చూపించకపోతే జనానికి తెలియదు, అంతటితో సరి. 2013లో చూపించకపోవడం కూడా జనానికి తెలిసిపోయింది. కిటికీ బయట గ్యాసు, తెర మీద పెంగ్విన్లు. అంతదాకా "ప్రభుత్వం తప్పు చేసింది" అనుకున్నవాడు ఆ రాత్రి "ఇన్నేళ్ళూ నాకు ఇంకేం చూపించలేదు?" అని అడగడం మొదలుపెట్టాడు. దేశం ఆగ్నేయ ప్రాంతంలో మైనారిటీ జాతి అయిన కుర్దుల మీద జరిగినవాటి గురించి పశ్చిమ నగరాలవాళ్ళు నిజాయితీగా ఆలోచించింది ఆ తర్వాతే.

#13 పొద్దుతిరుగుడు

మాస్టారూ, అది నేను నా చెవులతో విన్నాను. జూన్ 28న దియార్‌బకిర్ దగ్గర లిజెలో కొత్త సైనిక ఠాణా కట్టొద్దని నిరసన తెలుపుతున్నవాళ్ళ మీద కాల్పులు జరిగి మెదెని యిల్దిరిం అనే కుర్ద్ యువకుడు చనిపోయాడు. మర్నాడు ఇస్తాంబుల్‌లో వేలమంది అతని కోసం నడిచారు. మా టీచరమ్మ అయితే "మాకు ముప్పై ఏళ్ళుగా వీళ్ళంతా ఉగ్రవాదులనే చెప్పారు" అని చాలాసేపు మాట్లాడలేదు.

అలాగని కుర్ద్ నగరాలు గెజితో ఊగిపోయాయని చెప్పలేను. ప్రభుత్వానికీ కుర్ద్ సాయుధులకూ మధ్య శాంతి చర్చలు నడుస్తూ, ఆ మార్చిలోనే కాల్పుల విరమణ వచ్చింది. ఎన్నాళ్ళకో దొరికిన ఆ అవకాశం పాడవుతుందేమోనని వాళ్ళు భయపడ్డారు. వాళ్ళను తప్పుపట్టలేం.

#14 నల్లరేగడి

టీవీ గురించిన మాట ఒప్పుకుంటున్నాను, నేను అటువైపు నుంచి చూడలేదు. కానీ సర్దుకునే అవకాశం ప్రభుత్వానికి ఎన్నిసార్లు వచ్చిందో కూడా రాయండి. జూన్ 4న ఉప ప్రధాని బులెంత్ అరించ్ మొదట్లో చెట్ల కోసం కూర్చున్నవాళ్ళకు క్షమాపణ చెప్పాడు. అధ్యక్షుడు గుల్ ప్రజాస్వామ్యమంటే ఎన్నికలొక్కటే కాదన్నాడు. ప్రధాని మాత్రం నిరసనకారులను దోపిడీ మూక అన్నాడు. జూన్ 13 రాత్రి తక్సీమ్ వేదిక ప్రతినిధులను పిలిచి, కోర్టు తీర్పు దాకా ఆగుతామని మాటిచ్చాడు. జూన్ 15 రాత్రి పార్కును మళ్ళీ బలవంతంగా ఖాళీ చేయించారు. మాటకీ దాడికీ మధ్య రెండు రోజులు.

#15 కొండవాగు

ఇంత విషయం దొరుకుతుందనుకోలేదు. చివరగా ఒకటి. మొత్తమ్మీద దక్కిందేమిటి?

#16 రాత్రిబండి

పార్కు దక్కింది. బారకాసులూ కట్టలేదు, మాలూ కట్టలేదు. చెట్లు అక్కడే ఉన్నాయి.

మనుషుల సంగతి వేరు. వైద్యుల సంఘం లెక్కలో 8 వేలకు పైగా గాయపడ్డారు, 11 మందికి ఒక కన్ను పోయింది. బాష్పవాయువు గుండు తలకు తగిలిన బెర్కిన్ ఎల్వాన్ 269 రోజులు కోమాలో ఉండి, పదిహేనేళ్ళ వయసులో 2014 మార్చి 11న కన్నుమూశాడు. కొట్టిన పోలీసుకు 2021లో 16 ఏళ్ళ 8 నెలల శిక్ష పడింది. ఎస్కిషెహిర్ విద్యార్థి కేసులో ఒక పోలీసుకు 10 ఏళ్ళ 10 నెలలు.

అదే దేశంలో, ఎవరి మీదా చెయ్యి ఎత్తని ఉస్మాన్ కవాలా అనే వ్యాపారవేత్త, పౌరసమాజ కార్యకర్తకు యావజ్జీవం. 2017 అక్టోబర్‌లో పట్టుకెళ్ళారు. విడుదల చెయ్యాలని 2019లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. 2020 ఫిబ్రవరిలో ఇస్తాంబుల్ కోర్టు నిర్దోషి అంటే, బయటికి అడుగుపెట్టకముందే వేరే కేసులో మళ్ళీ అరెస్టు చేశారు. 2022 ఏప్రిల్ 25న ప్రభుత్వాన్ని కూలదోయబోయాడని తీర్పు. ఆయనతోపాటు మరో ఏడుగురికి 18 ఏళ్ళు చొప్పున. ఆ ఏడుగురిలో తక్సీమ్ వేదిక లాయరు జాన్ అతలాయ్ ఒకడు. 2023లో హతాయ్ జనం జైల్లో ఉన్న ఆయన్నే ఎంపీగా గెలిపించారు.

#17 పొద్దుతిరుగుడు

హతాయ్ పేరు గమనించారా? అబ్దుల్లా జోమెర్ట్ ఊరు. అతలాయ్‌ను విడుదల చెయ్యాలని రాజ్యాంగ న్యాయస్థానం రెండుసార్లు తీర్పిచ్చినా మిగతా కోర్టులు వినలేదు. 2024 జనవరిలో ఆయన ఎంపీ పదవి కూడా లాగేసుకున్నారు. ఆ వ్యవహారం మీద విడిగా ఒక చర్చ మొదలుపెడతాను. నల్లరేగడి గారూ, బెర్గామా గురించి మీరూ ఒకటి మొదలుపెట్టండి, ఆ రైతుల కథ తెలుగులో ఎవరూ వివరంగా రాసినట్టు లేదు.